ఇరవై ఏళ్ళు దాటిన లెక్సస్ ఎల్‌ఎస్ 430: కొనే ధర వేరు, నడిపే ఖర్చు వేరు

అమెరికాలో మన తెలుగువాళ్ళు నలుగురు కూర్చుని సెకండ్ హ్యాండ్ కార్ల గురించి మాట్లాడుకుంటే లెక్సస్ ఎల్‌ఎస్ 430 పేరు రాకుండా ఉండదు. 2001 మోడల్‌గా మార్కెట్లోకి వచ్చినప్పుడు 54 వేల డాలర్లకు అటూ ఇటూ పలికిన ఈ పెద్ద సెడాన్, ఇప్పుడు దాని పరిస్థితిని బట్టి కొత్త క్యామ్రీ ధరలో మూడో వంతుకో నాలుగో వంతుకో దొరుకుతోంది. తోలు సీట్లు, చెవిలో గుసగుసలాడినా వినిపించేంత నిశ్శబ్దం, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, పైగా టయోటా కుటుంబం. ఇన్ని కలిసి అంత చవకగా వస్తుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. నా దగ్గర 2003 మోడల్ ఉందని తెలిసినవాళ్ళు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది ఇంకా ఎన్నాళ్ళు నడుస్తుంది?

ఈ ప్రశ్నకు నేను సూటిగా జవాబు చెప్పను. ఇంజిన్ గురించి అడుగుతున్నట్లయితే, మనం విసిగిపోయేదాకా నడుస్తుంది. కారు మొత్తం గురించి అయితే, దాని ఆయుష్షును తేల్చేది కంపెనీ పేరు కాదు, గడచిన పదేళ్ళలో దాన్ని చేతులు మార్చుకున్న యజమానులు. ఈ కారుకు ఉన్న మంచి పేరే దాని ప్రాణం మీదికి తెస్తోందని నా అభిప్రాయం. లెక్సస్ కదా, దానికేమీ కాదన్న ధీమాతో రెండో యజమాని చేయించని పనులన్నీ మూడో యజమాని నెత్తిన పడతాయి. ఆయన కూడా అదే ధీమాతో నాలుగో మనిషికి అమ్మేస్తాడు.

ఆ పేరు ఊరికే రాలేదన్నది కూడా నిజమే. 1983లో టయోటా చైర్మన్ ఏజీ టొయోడా ప్రపంచంలోని అత్యుత్తమ కార్లకు సాటి వచ్చే కారును తయారు చేయగలమా అని తన సంస్థను అడగడంతో మొదలైన ప్రయత్నం, 1989 జనవరిలో డెట్రాయిట్ ఆటో షోలో ఈ వరసలో మొదటిదైన ఎల్‌ఎస్ 400 రూపంలో బయటికొచ్చింది. ఈ లోగా సుమారు 450 నమూనా కార్లు తయారయ్యాయి, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. చీఫ్ ఇంజినీరు ఇచిరో సుజుకీ పట్టుబట్టిన సూత్రం ఒకటుంది. శబ్దాన్నీ కంపనాన్నీ దళసరి మెత్తలు వేసి కప్పిపుచ్చకూడదు, అవి పుట్టే చోటే తగ్గించాలి. ఈ కార్ల మన్నికకు అసలు కారణం నాకు ఇందులోనే కనిపిస్తుంది. కంపనం లేకుండా తిరగాలంటే క్రాంక్ షాఫ్టు, పిస్టన్లు, బేరింగులు మామూలు కంటే బిగువైన కొలతల్లో తయారు కావాలి. అంత బిగువుగా తయారైన భాగాలు ఒకదాన్నొకటి తక్కువగా అరగదీసుకుంటాయి. నిశ్శబ్దం కోసం పెట్టిన ఖర్చు మన్నికగా కూడా తిరిగొచ్చిందన్న మాట. కారు వచ్చిన కొత్తలోనే, 1989 డిసెంబరులో, కొన్ని లోపాల గురించి రెండు ఫిర్యాదులు రాగానే అప్పటికి అమ్మిన 8 వేల కార్లనూ రీకాల్ చేసి, చాలామంది యజమానుల ఇళ్ళ దగ్గరే కారు తీసుకెళ్ళి, బాగు చేసి, కడిగి, ట్యాంకు నింపి తిరిగి అప్పగించారు. ఆ సంఘటన అమెరికాలో లెక్సస్ పేరును నిలబెట్టింది.

ఎల్‌ఎస్ 430 ఈ వరసలో మూడో తరానిది. 2006 మోడల్ వరకూ జపాన్‌లోని ఐచీ ప్రాంతంలో ఉన్న తహారా ఫ్యాక్టరీలో తయారైంది. ఇందులోని 3యూజడ్-ఎఫ్‌ఈ ఇంజిన్ 4.3 లీటర్ల వి8, మొదట్లో ప్రకటించిన శక్తి 290 హార్స్‌పవర్. 2003 వరకూ అయిదు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు, 2004లో రూపం కొద్దిగా మార్చినప్పటి నుంచి ఆరు గేర్లది. దీని ముందు తరం ఎల్‌ఎస్ 400 ఎంత గట్టిదో చెప్పడానికి అమెరికాలో అందరూ ఎత్తే ఉదాహరణ, కార్ల గురించి వీడియోలు చేసే మ్యాట్ ఫరా కొన్న 1996 మోడల్. ఆయన చేతికి వచ్చేసరికే దాదాపు 9 లక్షల మైళ్ళు తిరిగిన ఆ కారు తర్వాత 10 లక్షల మైళ్ళు, అంటే 16 లక్షల కిలోమీటర్లు, దాటింది. ఈ కథ విని పొంగిపోయే ముందు ఒక్క విషయం గమనించాలి. పది లక్షల మైళ్ళు తిరిగిన కారు ఖాళీగా పడి ఉన్న కారు కాదు. నిత్యం వేడెక్కుతూ, నూనె మార్పించుకుంటూ, అరిగిన భాగాలు ఎప్పటికప్పుడు మార్పించుకుంటూ తిరిగిన కారు. మనకు అమ్మకానికి కనిపించేవి ఎక్కువగా ఇందుకు పూర్తిగా భిన్నమైనవి. తక్కువ మైళ్ళు తిరిగి, ఎక్కువ ఏళ్ళు గ్యారేజీలో నిలబడినవి.

తమ్ముడి వరస అయ్యే స్నేహితుడొకడు ఈ మధ్య అలాంటి కారు ఒకటి చూసి ఫోను చేశాడు. "అన్నా, ఎనభై రెండు వేల మైళ్ళే తిరిగింది. ఒక్కడే ఓనరు, పెద్దాయన. వదిలేస్తే మళ్ళీ దొరకదు" అన్నాడు. టైమింగ్ బెల్టు మార్చారేమో అడిగావా అన్నాను. "అది తొంభై వేలకు కదా మార్చేది, ఇంకా టైముంది కదన్నా" అన్నాడు. ఈ ఒక్క మాట దగ్గరే చాలామంది దెబ్బ తింటారు కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెబుతాను.

ఎల్‌ఎస్ 430 ఇంజిన్‌లో వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టులను తిప్పేది గొలుసు కాదు, రబ్బరు బెల్టు. దాన్ని 90 వేల మైళ్ళకు మార్చాలన్నది కంపెనీ లెక్క. అయితే రబ్బరుకు మైళ్ళతో పాటు వయసు కూడా ఉంటుంది. ఇరవై ఏళ్ళ పాటు ఇంజిన్ వేడిలో ఉడికిన బెల్టు మీటరు మీద ఎంత తక్కువ అంకె ఉన్నా ముసలిదే. 1990-94 నాటి ఎల్‌ఎస్ 400లో బెల్టు తెగితే ఇంజిన్ ఆగిపోయేది, అంతే. కొత్త బెల్టు వేస్తే మళ్ళీ నడిచేది. 1998లో వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే వీవీటీ-ఐ వ్యవస్థ వచ్చిన దగ్గర నుంచి ఆ వెసులుబాటు లేదు. బెల్టు తెగిన క్షణంలో తెరుచుకుని ఉన్న వాల్వులను పిస్టన్లు పైకొచ్చి కొడతాయి, వాల్వులు వంగిపోతాయి. తర్వాత మరమ్మతుకు అయ్యే ఖర్చు చాలా సందర్భాల్లో కారు ధరను దాటిపోతుంది. కాబట్టి బెల్టు మార్చినట్లు రసీదు లేని కారును, బెల్టు మార్చని కారుగానే లెక్కగట్టి బేరమాడాలి. అమ్మేవాడి మాట మీద నమ్మకం లేక కాదు. ముందు యజమాని ఏం చేయించాడో అతనికీ తెలియకపోవచ్చు.

నా కారుకు ఈ పని చేయించినప్పుడు మెకానిక్ అనుమతితో పక్కనే నిలబడి చూశాను. పైనున్న నల్లటి ప్లాస్టిక్ మూతలు తీస్తే వి ఆకారంలో ఉన్న ఇంజిన్ ముఖం మీద ఎడమా కుడీ రెండు పెద్ద పళ్ళ చక్రాలు, కింద క్రాంక్ చక్రం, వీటన్నిటినీ చుట్టి పాములా మెలికలు తిరిగిన వెడల్పాటి బెల్టు కనిపించాయి. క్రాంక్ చక్రం బోల్టు ఎంత గట్టిగా ఉంటుందంటే, చక్రం తిరగకుండా పట్టి ఉంచడానికి వేరే సాధనం, దాన్ని తిప్పడానికి బారెడు పొడవు పిడి కావాలి. తీసిన బెల్టు పళ్ళు చూడడానికి బాగానే ఉన్నాయి. వీపు వైపు అచ్చు వేసిన అక్షరాలు మాత్రం పూర్తిగా చెరిగిపోయి, వంచి చూస్తే వెంట్రుకవాసి పగుళ్ళు కనిపించాయి. మెకానిక్ నాకు బెల్టు కంటే శ్రద్ధగా చూపించింది దానికి దారి చూపే ఐడ్లర్ చక్రాలను. వేలితో తిప్పితే కొత్తది మెత్తగా రెండు మూడు చుట్లు తిరిగి ఆగింది. పాతది గరగరమంటూ గిర్రున తిరుగుతూనే ఉంది, అంటే లోపలి గ్రీజు ఎండిపోయింది. చాలాసార్లు బెల్టు తనంతట తాను తెగదని, ఈ చక్రాల బేరింగు గానీ వాటర్ పంపు గానీ పట్టేసి దాన్ని తెంపుతుందని ఆయన చెప్పాడు. అందుకే బెల్టు, వాటర్ పంపు, ఐడ్లర్లు, బెల్టును బిగుతుగా ఉంచే హైడ్రాలిక్ టెన్షనర్ కలిపి సెట్టుగా మారుస్తారు. ఐసిన్ కంపెనీ ఈ సామానంతా ఒకే పెట్టెలో అమ్ముతుంది. క్యామ్, క్రాంక్ సీళ్ళు కారుతుంటే అవీ అప్పుడే మార్చేయాలి, వాటి కోసం మళ్ళీ ఇదంతా విప్పడం దండగ. మా ప్రాంతంలో బయటి మెకానిక్‌లు ఈ మొత్తం పనికి వెయ్యి నుంచి పదిహేను వందల డాలర్లు అడుగుతున్నారు. డీలరు దగ్గర దాని కంటే ఎక్కువే.

పంపు తీసినప్పుడు కనిపించిన ఇంకో గుర్తు కొనేవాళ్ళకు పనికొస్తుంది. టయోటా కూలెంట్ ఎర్రగా ఉంటుంది. అది చుక్కచుక్కగా కారి ఎండితే గులాబీ రంగు ఉప్పు పేరుకున్నట్లు పొర కడుతుంది. టార్చి వేసి ఇంజిన్ ముందు భాగంలో ఆ రంగు ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఉంటే పంపు గానీ ఏదో ఒక గొట్టం గానీ సెలవు తీసుకునే దశలో ఉందని అర్థం. రేడియేటర్‌ను అంతకంటే జాగ్రత్తగా చూడాలి. దాని పై ట్యాంకు ప్లాస్టిక్‌ది. ఏళ్ళ వేడికి గోధుమ రంగుకు తిరిగి, పెళుసెక్కి, ఓ రోజు పగులుతుంది. అల్యూమినియం ఇంజిన్ కాబట్టి కూలెంట్ లేకుండా కొన్ని మైళ్ళు నడిపినా సిలిండర్ హెడ్డు వంకరపోయే ప్రమాదం ఉంటుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనెను చల్లబరిచే గొట్టం కూడా ఇదే రేడియేటర్ లోపలి నుంచి వెళ్తుంది. అది లోపల చిల్లుపడితే నీళ్ళూ నూనే కలిసి గేర్‌బాక్సు పాడవుతుంది. రెండు మూడు వందల డాలర్లకు మంచి డెన్సో రేడియేటర్ వస్తున్నప్పుడు పాతది పగిలేదాకా ఎదురుచూడడంలో పొదుపు ఏముందో నాకు అర్థం కాదు. ఏళ్ళు నిండిన రేడియేటర్‌ను బాగున్నా మార్చేయడమే నా పద్ధతి.

గేర్‌బాక్సు విషయానికి వస్తే, అయిదు గేర్ల మోడళ్ళలో నూనె చూసుకోవడానికి డిప్‌స్టిక్ ఉంటుంది, టైప్ టీ-4 అనే నూనె పోస్తారు. 2004 తర్వాతి ఆరు గేర్లదానికి డిప్‌స్టిక్ లేదు, అందులో డబ్ల్యుఎస్ అనే నూనె వాడతారు. నూనెను నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర అడుగు నుంచి ఒక ప్లగ్గు తీసి చూడాల్సి రావడంతో చాలామంది దాని జోలికే పోరు. జీవితకాలం మార్చనక్కరలేదన్న మాటను కూడా పట్టుకుంటారు. ఎవరి జీవితకాలమన్నది మాత్రం ఎవరూ చెప్పరు. 60 వేల మైళ్ళకోసారి కింద నుంచి వచ్చినంత నూనె తీసి అంతే కొత్తది పోయించడం మంచి అలవాటు. ఎన్నో ఏళ్ళుగా మార్చని గేర్‌బాక్సుకు యంత్రం పెట్టి మొత్తం ఒకేసారి తోడించే పని మాత్రం పెట్టుకోవద్దు. కొద్ది కొద్దిగా రెండు మూడు విడతల్లో మార్పించండి.

సస్పెన్షన్ దగ్గర ఎల్‌ఎస్ 430లు రెండు జాతులు. మామూలు కార్లకు ఉక్కు స్ప్రింగులు, అల్ట్రా లగ్జరీ ప్యాకేజీ తీసుకున్నవాటికి గాలి సంచుల సస్పెన్షన్. కొత్తగా ఉన్నప్పుడు రెండోది నడిచే తీరు నిజంగా అద్భుతం, కాదనను. ఆ ప్యాకేజీతో వెనక సీట్లకు మసాజు, తనంతట తాను బిగుసుకునే తలుపులు కూడా వస్తాయి కాబట్టి ప్రకటనల్లో దాని పేరు పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పేరు నాకు హెచ్చరికలా కనిపిస్తుంది. గాలి సంచుల రబ్బరు పగిలితే రాత్రి నిలిపిన కారు తెల్లారేసరికి ఓ మూల కుంగి ఉంటుంది. కారుతున్న గాలిని నింపడానికి కంప్రెసర్ అదే పనిగా తిరిగి తిరిగి అదీ కాలిపోతుంది. అసలైన కంపెనీ స్ట్రట్ (గాలి సంచితో కూడిన షాక్ అబ్జార్బర్) ఒక్కొక్కటి వెయ్యి డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది, అలాంటివి నాలుగు. అందుకే చాలామంది చివరికి వాటిని పీకేసి స్ప్రింగులు వేయించుకుంటారు, అప్పుడు డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం కూడా వెలుగుతుంటుంది. అంతదూరం వెళ్ళేకన్నా మొదటే స్ప్రింగుల కారు వెతుక్కోవడం తెలివైన పని. ఏ సస్పెన్షన్ అయినా ముందు చక్రాలను బాడీకి కలిపే కంట్రోల్ ఆర్ముల చివర ఉండే రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు అరుగుతాయి. స్పీడు బ్రేకర్ మీద నెమ్మదిగా ఎక్కేటప్పుడు టక్కుమన్న శబ్దం, హైవే మీద బ్రేకు నొక్కినప్పుడు స్టీరింగు అదరడం వీటి లక్షణాలు. బ్రేకు వేసినప్పుడు అదిరితే డిస్కులే వంగాయని అందరూ అనుకుంటారు. డిస్కులు మార్చినా అదురు పోకపోతే బుష్‌లు చూడాలి.

ఈ బాధ దీని తర్వాతి తరమైన ఎల్‌ఎస్ 460లో ఇంకా ఎక్కువ. దానికి ముందు వైపు ఆర్ములు ఎక్కువ, బుష్‌లు విడిగా దొరకక ఆర్ములనే మార్చాల్సి వస్తుంది. బ్రేకు యాక్చుయేటర్ పోతే బిల్లు వేలల్లోకి వెళ్తుంది. దాని ఇంజిన్‌కు టైమింగ్ గొలుసు ఉండడం మేలే, కానీ వాల్వ్ స్ప్రింగుల లోపం వల్ల 2010లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 2 లక్షల 70 వేల టయోటా, లెక్సస్ కార్లను రీకాల్ చేసినప్పుడు తొలి ఎల్‌ఎస్ 460లూ అందులో ఉన్నాయి. కొత్తది కదా అని 430ని కాదని 460 వైపు వెళ్ళేవాళ్ళు ఈ లెక్క చూసుకోవాలి. పాతదైన ఎల్‌ఎస్ 400 తీసుకోవాలనుకునేవాళ్ళకు వేరే జాగ్రత్త ఉంది. అందులో పవర్ స్టీరింగ్ పంపు నుంచి కారే నూనె సరిగ్గా కిందున్న, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ మీద పడి దాన్ని చంపుతుంది. ఆల్టర్నేటర్ మార్చి కారుడు ఆపకపోతే కొత్తదానికీ అదే గతి.

మిగిలినవి చిన్న చిన్న జబ్బులు, ప్రాణం తీసేవి కావు. తలుపు తాళాల మోటార్లు బలహీనపడి రిమోటు నొక్కితే సగం తెరుచుకుని ఆగుతాయి. మొత్తం యాక్చుయేటర్ కొనకుండా లోపలి చిన్న మోటారును కొన్ని డాలర్లకు తెప్పించి, తలుపు ప్యానెల్ విప్పి మార్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఓపికుంటే ఆదివారం మధ్యాహ్నం పని. నావిగేషన్ తెర తాకితే పలకడం మానేస్తుంది, ఏసీ మీటలు కొన్ని ఆ తెరలోనే ఉండడం ఇబ్బంది. ఇంజిన్ మౌంట్లు కుంగితే సిగ్నల్ దగ్గర డ్రైవ్‌లో నిలబడినప్పుడు సీటులో సన్నటి కంపనం తెలుస్తుంది. పెద్దది ఒక్కటుంది, స్టార్టర్ మోటారు. ఇంజిన్ రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో, సిలిండర్లకు గాలి పంపే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద దాన్ని దాచారు. సామాను ధర కంటే అక్కడికి చేరడానికయ్యే కూలీ ఎక్కువ. ఒకసారి మ్యానిఫోల్డ్ లేపితే అదే లోయలో ఉన్న నాక్ సెన్సర్లు, పెళుసెక్కిన గొట్టాలు కూడా చూసుకుని మార్పించుకోవాలి.

కారు ఏ ఊళ్ళో పెరిగిందన్నది కూడా ముఖ్యం. మా టెక్సస్ ఎండకు డ్యాష్‌బోర్డు జిగటెక్కుతుంది, తోలు పగులుతుంది, బ్యాటరీ మూడేళ్ళకే చేతులెత్తేస్తుంది. అడుగుభాగం మాత్రం ఇరవై ఏళ్ళయినా శుభ్రంగా ఉంటుంది. షికాగో, డెట్రాయిట్, న్యూజెర్సీ వైపు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడి కార్లు పైకి నిగనిగలాడుతున్నా కింద బ్రేకు గొట్టాలు, సబ్‌ఫ్రేము తుప్పు పట్టి ఉండవచ్చు. తుప్పు పట్టిన బోల్టు ప్రతి మరమ్మతు కూలీనీ పెంచుతుంది. న్యూజెర్సీలో ఉంటున్న మన వాళ్ళు కూడా దక్షిణాది రాష్ట్రాల కారు కొని, ట్రక్కు మీద తెప్పించుకుంటేనే లాభం అంటాను.

ఏడాది ఖర్చు ఎంత అంటే, నా లెక్క ఇలా ఉంటుంది. పెట్రోలు ప్రీమియం పోయమని కంపెనీ సూచన. ఊళ్ళో గాలనుకు 16-18 మైళ్ళు, హైవే మీద నిదానంగా పోతే 25కి దగ్గరగా వస్తుంది. 22 గాలన్ల ట్యాంకు కాబట్టి ఒకసారి నింపితే బిల్లు చూసి గుండె కలుక్కుమన్నా చాలా రోజులు మళ్ళీ బంకు వైపు వెళ్ళక్కరలేదు. ఆయిల్ మార్పు మామూలు కారుకైనట్లే. వీటికి తోడు ఏటా పదిహేను వందల డాలర్లు మరమ్మతుల కోసం విడిగా పెట్టుకోమని నేను చెబుతాను. ఓ ఏడు అందులో మూడొందలు కూడా ఖర్చు కావు, మరో ఏడు మొత్తం ఒకే పనికి పోతాయి. కొన్న మొదటి ఏడాది మాత్రం దీనికి రెట్టింపు ఉంచుకోవాలి, ముందు వాళ్ళు వాయిదా వేసినవన్నీ అప్పుడే బయటపడతాయి. కారు ఎనిమిది వేలకు వచ్చింది కదా అని సామాను ఎనిమిది వేల కారు ధరల్లో రాదు. అది 54 వేల కారు సామానే. ఈ ఒక్క లెక్క వేసుకోకుండా ఉన్న డబ్బంతా కొనడానికే పెట్టేసేవాళ్ళు ఏడాది తిరక్కుండా కారును అమ్మకానికి పెడతారు.

ఖర్చు తగ్గించుకునే దారి లేకపోలేదు. లెక్సస్ పెట్టెలో వచ్చే సామానులో చాలాభాగం ఐసిన్, డెన్సో వంటి కంపెనీలు తయారు చేసేదే. వాళ్ళ సొంత పెట్టెలో అదే నాణ్యత తక్కువకు దొరుకుతుంది. ఆన్‌లైన్లో మరీ చవకగా కనిపించే పేరు లేని ఆర్ములు, సెన్సర్ల జోలికి పోవద్దు, కూలీ రెండుసార్లు ఇచ్చుకోవాల్సి వస్తుంది. టయోటా ఇంజిన్లు తెలిసిన బయటి మెకానిక్ దొరికితే అంతకంటే అదృష్టం లేదు. మాకు డాలస్ పక్కనున్న గార్లండ్ వైపు అలాంటి వియత్నామీ పెద్దాయన ఒకరున్నారు. ఈ వి8ను కళ్ళు మూసుకుని విప్పగలడు. అంతకు ముందు ఓ పెద్ద వర్క్‌షాప్‌లో స్టీరింగ్ ర్యాక్ మొత్తం మార్చాలని రెండు వేల పైచిలుకు అంచనా రాసిచ్చారు. ఈయన కిందికి దూరి చూసి, నూనె కారుతున్నది ఓ గొట్టం కట్టు దగ్గరని వేలితో తుడిచి చూపించాడు. అందుకే పెద్ద అంచనా ఏదైనా వస్తే రెండో మనిషికి చూపించకుండా ఒప్పుకోవద్దు.

కొనే ముందు కాగితాల పని కూడా కొంత ఉంది. లెక్సస్ డీలర్ల దగ్గర చేయించిన సర్వీసుల చరిత్ర కారు వీఐఎన్ నంబరుతో (ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) తెలుసుకోవచ్చు. అమ్మేవాడిని నంబరు అడిగి ముందే చూసుకోండి. టెక్సస్‌లో 2025 నుంచి మామూలు వాహనాలకు ఏటా జరిగే సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. పొగ పరీక్ష మాత్రం డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ వంటి కొన్ని కౌంటీల్లో రెండు నుంచి 24 ఏళ్ళ వయసున్న పెట్రోలు బండ్లకు ఉంది. చెక్ ఇంజిన్ దీపం వెలుగుతుంటే ఆ పరీక్ష పాసవ్వదు, రిజిస్ట్రేషన్ ఆగుతుంది. ఈ వయసు కార్లలో ఆ దీపానికి కారణం ఎక్కువగా ఆక్సిజన్ సెన్సరో, పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే వ్యవస్థలో ఏదో చిన్న లీకో అయి ఉంటుంది. బేరం కుదిరే ముందు కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే ఇరవై డాలర్ల కోడ్ రీడర్ ఒకటి తగిలించి చూస్తే, దీపాన్ని నిన్ననే చెరిపేసి తెచ్చారా అన్నది కూడా తెలిసిపోతుంది, కారు తనను తాను చేసుకునే పరీక్షలు (మానిటర్లు) ఇంకా పూర్తి కాలేదని చూపిస్తుంది.

ఇండియాలోని బంధువులు ఇలాంటి కారు అక్కడ దొరుకుతుందా అని అడుగుతుంటారు. లెక్సస్ ఇండియాలో అధికారికంగా అడుగుపెట్టిందే 2017లో. ఎల్‌ఎస్ అక్కడికి 2018లో 500హెచ్ హైబ్రిడ్ రూపంలో కోటిన్నర పై ధరకు వచ్చింది. ఎవరో దిగుమతి చేసుకున్న పాత 430 హైదరాబాదులో కనిపించినా, దాని సామాను కోసం ప్రతిసారీ బయటి దేశం వైపు చూడాలి. ఆ ముచ్చట పెట్టుకోకపోవడమే మంచిది.

బీమా గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. బాగా చూసుకున్న ఎల్‌ఎస్ 430లు పాడైపోయి మూలన పడ్డాయని నేను విన్నది తక్కువ. పార్కింగ్ లాటులో ఎవరో వెనక నుంచి గుద్ది పోయాయని విన్నదే ఎక్కువ. బీమా కంపెనీ దృష్టిలో ఇది ఆరేడు వేల డాలర్ల ముసలి కారు. బంపరు, జెనాన్ హెడ్‌లైటు, ఫెండరు, రంగు కలిపి అంచనా వేస్తే ఆ అంకెలో అధికభాగం అయిపోతుంది, దాంతో బాగు చేయించడం దండగని లెక్కగట్టి టోటల్ లాస్ అని రాసేస్తారు. కొత్త బెల్టు, రేడియేటర్, ఆర్ములు వేయించి ఉన్నా వాళ్ళ లెక్క పెద్దగా మారదు. రసీదులన్నీ భద్రపరిచి చూపిస్తే కొన్ని వందలు పెంచుతారు, అంతవరకే. పాత కార్లకు విలువను ముందే ఒప్పుకుని రాసుకునే పాలసీలు ఇచ్చే సంస్థలు కొన్ని ఉన్నాయి గానీ, కారు రోజూ ఆఫీసుకు తీసుకెళ్ళకూడదని, ఇంట్లో మూసిన గ్యారేజీ ఉండాలని, ఏటా ఇన్ని మైళ్ళకు మించకూడదని షరతులు పెడతాయి. ఇంట్లో రోజూ తిరగడానికి వేరే కారు ఉన్నవాళ్ళకు ఆ పాలసీ బాగా కుదురుతుంది. ఇదే ఏకైక కారు అయినవాళ్ళు మామూలు పాలసీలో, గుద్దుకున్నప్పుడు మన కారు నష్టాన్ని భరించే కొలిజన్ కవరేజీకి ఏటా కట్టే ప్రీమియం ఎంత, కారు పోతే చేతికి వచ్చేది ఎంత అన్నది ప్రతి రెన్యువల్‌కూ పక్కపక్కన పెట్టి చూసుకుని, మొదటిది రెండోదానిలో అయిదో వంతు దాటిన ఏడాది ఆ కవరేజీ తీసేయడం గురించి ఏజెంటుతో మాట్లాడాలి.